పరివట్టం కట్టిన అక్షరం

మా బావ తల పదిమంది ముందర వంగాలి, నా ఒకటో క్లాసు నాకు తిరిగి రావాలి. ఈ రెండు కోరికలు కడుపులో పెట్టుకుని మా బావ స్కూలు వ్యానులోనే ఆయాగా తిరిగాను. తిరుత్తణి కొండెక్కి మురుగన్‌కి చెప్పుకున్నాను కూడా. అయితే అక్కడ నాలాంటి వాళ్ళ వరస కొండ కిందిదాకా ఉంటుంది గనుక, భారమంతా ఆయన మీద పడేసి ఊరికే కూర్చోలేదు. నా దగ్గర ఉన్నవి ఒక నోరు, ఇంగ్లీషువాడి పెద్దక్షరాలు. వాటితోనే పని కానిచ్చాను.

బావంటే మా అక్క మొగుడు. తిరువళ్ళూరు నుంచి తిరుత్తణి పోయే దారిలో, పాండూరు అవతల ఆయనకు పొలాలున్నాయి, ఒక నర్సరీ స్కూలుంది. స్కూలుకు ఆయన కరస్పాండెంటు. మా ఊరి ద్రౌపతమ్మ తిరునాళ్ళలో మొదటి మర్యాద వాళ్ళింటిదే. అమ్మవారికి చుట్టిన పట్టుగుడ్డను పూజారి తెచ్చి అందరికంటే ముందు ఆయన తలకు కడతాడు. దాన్నే పరివట్టమంటారు. కట్టించుకున్న రోజు మా బావ ఇంటికొచ్చాక కూడా దాన్ని విప్పడు. దాంతోనే అన్నం తింటాడు, దాంతోనే మధ్యాహ్నం నిద్రపోతాడు. ఒక ఏడు దాంతోనే స్నానానికి బయలుదేరితే మా అక్క వెనకనుంచి లాగేసింది. నేను పెంచి చెబుతున్నానని మా వాళ్ళంటారు. నిద్ర సంగతి కొంచెం పెంచానేమో గానీ, స్నానం సంగతి నిజం.

పెంచి చెప్పడం నాకు పుట్టుకతో వచ్చింది. ఒకటో క్లాసు పిల్లలకు మా తాత బర్రెనెక్కి అరక్కోణంలో రైలుతో పందెం వేశాడని, తిరుత్తణి స్టేషనుకు రైలు వచ్చేసరికి బర్రె అక్కడే నిలబడి ఉందని చెప్పేదాన్ని. "బర్రె టీ తాగిందా మిస్?" అని అడిగేవాళ్ళు. "తాగలే. పాలు తనవే గదా, డబ్బులిచ్చి కొనడమెందుకని ఊరుకునింది," అనేదాన్ని. ఆ బర్రె మీదనే వాళ్ళకు అక్షరాలన్నీ ఎక్కించాను. పెద్దక్షరాల దగ్గర మాత్రం బర్రె మొరాయించింది.

వాక్యం మొదట్లో పెద్దక్షరం రాయాలి, పేర్లకు పెద్దక్షరం రాయాలి అని పిల్లలు పాటలాగా అప్పజెప్పేవాళ్ళు. రాయమంటే మాత్రం ఎక్కడ పడితే అక్కడ పెట్టేవాళ్ళు. దారి పొడుగునా చూసే బోర్డుల తప్పేమో అనుకున్నాను. మా రోడ్డు మీద సిమెంటు కొట్టు దగ్గర్నుంచి బిరియాని సెంటరుదాకా ఇంగ్లీషు అక్షరాలన్నీ పెద్దవే, అందరూ ఒకేసారి అరుస్తున్నట్టు ఉంటాయి. తెలుగులోనూ తమిళంలోనూ అక్షరాలకు పెద్దా చిన్నా లేదు. ఇక పిల్లలకు ఎక్కడ తెలుస్తుంది? అయినా బోర్డు చూసి రాసేవాడు అన్నీ పెద్దవే రాయాలి గదా. వీళ్ళు కొన్నిటికి పెడుతున్నారు, కొన్నిటికి పెట్టడం లేదు. అందులో ఏదో లెక్కుందని నాకు అనుమానం. ఆ లెక్కేమిటో పిల్లలను ఒక్కొక్కర్నీ కూర్చోబెట్టి అడుగుదామనుకుంటున్న వారంలోనే తల్లిదండ్రుల మీటింగు వచ్చింది.

కాట్టుపల్లి హార్బరులో కాంట్రాక్టు పని చేసే ఒకాయన ఆ మీటింగు కోసం లీవు పెట్టి మరీ వచ్చాడు. కూతురి వర్కుబుక్కు ఎత్తిపట్టి, "సార్, ఇంగ్లీష్ మీడియం అని ఇంత దూరం పంపిస్తా ఉండాము. నా కూతురికి దాని పేరు దానికే రాయను రాలే. మొదటి అక్షరం చిన్నది పెట్టుండాది. ఆవుకి మాత్రం పెద్దది పెట్టుండాది. ఇదేం చదువు?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపల మా బావ లేచాడు. కాలరు లోపల చేతిరుమాలు సర్దుకున్నాడు. ఆయన ఏం మాట్లాడినా ఒక్క మాటతోనే మొదలుపెడతాడు.

"ఐ యామ్ టెల్లింగ్. ఈమె నా మరదలు. సొంత మనిషి గదా అని ఇన్నాళ్ళు పెట్టుకోనుంటి. కథలు చెప్పేది తప్ప ఈమెకి ఒణ్ణుమే తెలీదు, ఏమీ రాదు. రేపట్నించి ఒకటో క్లాసుకి మెడ్రాసునించి కొత్త మిస్ వస్తాది. ఈమె వ్యాన్లో పోతాది. పిల్లోళ్ళకి షూ లేసులు కట్టను, ముక్కు తుడవను సరిపోతాది."

హాలంతా నవ్వింది. ఎవరెవరు నవ్వారో, ఎవరికి ఏ పన్ను ఊడి ఉందో ఇప్పటికీ చెప్పగలను. ఇన్నేళ్ళు నేను పాఠం చెప్పిన పిల్లల అమ్మానాన్నలు వాళ్ళు. నేను తల వంచుకుని ఆ కుర్చీల మధ్యనుంచి బయటకు నడిచాను. గుమ్మం దాటేటప్పుడే అనుకున్నాను: బావా, ఇదే హాల్లో కాకపోయినా, ఇదే మనుషుల ముందర మీ తల ఇంతకంటే కిందికి వంచిస్తాను.

అక్క వంటింట్లో చింతపండు పిసుకుతూ అంతా విన్నది. జాలి పడుతుందనుకున్నాను.

"వ్యాన్లో గాలన్నా వస్తాది గదే," అంది. "నేను పెండ్లైనప్పట్నించి ఆ వ్యాన్లోనే ఉండాను. కిటికీ గూడా లే."

"నేను ఊరుకోనక్కా."

"ఊరుకోమని ఎవరన్నారు? ఏం చేసినా నాకు ముందే చెప్పు. నేనూ ఒకటి జతచేస్తా."

మొదట్లో చిల్లర పగలతో సరిపెట్టుకున్నాను. ఒక గృహప్రవేశంలో కాలు ఊగే కుర్చీ వెతికి, తుడిచి, "బావా, ఇట్లా రాండి," అని ఆయనకు వేశాను. ఆయన జుట్టుకు వేసుకునే రంగు వానకు కరిగి పరివట్టానికి అంటుకుందని, ఆ గుడ్డ చూసి అమ్మవారే మొహం తిప్పుకుందని బంధువుల్లో ఒక కథ వదిలాను. అది కవరైపేట్టై దాకా పోయి, అక్కడ కొంచెం పెరిగి, నాకే తిరిగొచ్చింది. కానీ అవన్నీ దోమకాట్లు. ఆయన గోక్కుని మరిచిపోయేవాడు. ఎదురుగా వచ్చినప్పుడల్లా, "ఏమ్మే, వ్యాన్లో గాలి బాగుండాదా?" అని అడిగి నవ్వేవాడు.

వ్యానులో నిజంగానే గాలి బాగుండేది. దానికంటే బాగుండింది రైలు గేటు. రోజూ పొద్దున మేము వెళ్ళేసరికి గేటు పడి ఉండేది. ఒక గూడ్సు పోయాక తెరుస్తారనుకుంటే ఎదురు దిక్కునుంచి ఇంకొకటి వచ్చేది. డ్రైవరన్న ఇంజను ఆపి, చేతులు స్టీరింగు మీద వేసి, "దా, ఇంక మీ రాజ్యమమ్మా," అనేవాడు. మా బావ లాక్కున్న పీరియడును రైల్వేవాళ్ళు నాకు తిరిగిచ్చారు.

లారీల దుమ్ముతో వ్యాను అద్దాలు పలకల్లా తయారయ్యేవి. ఒకరోజు ఆ కాట్టుపల్లి ఆయన కూతురు, ముందుపళ్ళు రెండూ ఊడిన పిల్ల, అద్దం మీద వేలితో ఏదో రాస్తోంది. మా అవ్వకు ఒక ఆవుంది అని ఇంగ్లీషులో రాసింది. అవ్వకు పెద్దక్షరం, ఆవుకు పెద్దక్షరం. వాక్యం మొదట్లో 'మా' అన్న మాటకు చిన్నక్షరం. కింద తన పేరు, అదీ చిన్నక్షరంతోనే.

"అవ్వకి ఎందుకే పెద్దది పెట్టినావు?" అన్నాను.

"అవ్వ పెద్దది గదా మిస్."

"ఆవుకి?"

"ఆవు లక్ష్మి గదా. కాలితో తాకితేనే కండ్లకద్దుకోవల్ల."

"మరి నీ పేరుకి?"

ఆ పిల్ల నన్ను తెలివితక్కువదాన్ని చూసినట్టు చూసింది. "నేను చిన్నపిల్లని గదా మిస్. నన్ను నేనే పెద్దగా రాసుకుంటే మా అవ్వ ఊరుకుంటాదా? పొగరు అనదా?"

వెనక సీటు పిల్లవాడు అందుకున్నాడు. "నేను గూడా అంతే మిస్. దొంగ అని రాసేటప్పుడు చిన్నది పెడతాను. పోలీసుకి పెద్దది. మా నాయన తమ్ముడుండాడే, ఆ చిత్తప్పకి ముందు పెద్దది పెట్టేవాణ్ణి. మా యమ్మతో కొట్లాడినాడు. ఇప్పుడు పెట్టను."

డ్రైవరన్న స్టీరింగు మీద తల పెట్టుకుని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. నేను వెతికిన లెక్క ఇదే. మా పిల్లలు మాటలు నేర్చిన రోజునుంచి తాతయితే వచ్చినారు, తమ్ముడయితే వచ్చినాడు అని తెలుగులో అంటారు. తమిళంలో రమ్మనడానికి పెద్దవాళ్ళకు వాంగ, చిన్నవాళ్ళకు వా. ఇంగ్లీషులో మర్యాద ఎక్కడ పెట్టాలో వీళ్ళకు ఎవరూ చెప్పలేదు. వెతుక్కుని వెతుక్కుని పెద్దక్షరంలో పెట్టారు. తమను తాము తగ్గించుకుని పెద్దవాళ్ళను ఎత్తిన బిడ్డలను పట్టుకుని చదువు రాలేదని అందరి ముందరా అన్నారు, నన్ను వ్యానెక్కించారు. ఈ సంగతి మా బావకు తెలియదు, తెలిసినా అక్కర్లేదు. ఆ మెడ్రాసు మిస్సుకూ తెలియదు. నాకు మాత్రమే తెలుసన్న సంతోషం ఎంత తియ్యగా ఉందో మీకు చెప్పలేను.

మర్యాద అనే తాళంచెవి దొరికాక కథ దానంతటదే వచ్చింది.

"ఇంగ్లీషువాళ్ళ ఊర్లో గూడా ద్రౌపతమ్మ తిరునాళ్ళు చేస్తారు, తెలుసునా?" అన్నాను మరుసటి రోజు గేటు దగ్గర.

"పొయ్, అబద్ధం చెప్తా ఉండారు మిస్."

"మా తాత బర్రెనెక్కి పోయి చూసొచ్చినాడు. అక్కడ మనుషులు ఊరేగింపు పోరు, అక్షరాలు పోతాయి. ఒక వాక్యమంటే ఒక ఊరేగింపు. పూజారి వచ్చి ముందర నిలబడిన అక్షరానికి పరివట్టం కడతాడు. కట్టినాక ఆ అక్షరం ఎట్లుంటాది?"

"పెద్దగా ఉంటాది!"

"ఊరేగింపు అయిపోతానే పూజారి టెంకాయ కొడతాడు. అదే చుక్క. చుక్క పడినాక ఇంకో ఊరేగింపు. మళ్ళా ముందున్న దానికి పరివట్టం."

"ముందు నిలబడింది తాత కాకపోతే?" అంది పళ్ళూడిన పిల్ల.

"ఎవరైనా సరే. చీమ నిలబడినా చీమకే కడతారు. ఆ ఊర్లో వయసు అడగరు."

ఈ మాట వాళ్ళకు మింగుడు పడలేదు. గేటు తెరిచారు, వ్యాను కదిలింది, వాళ్ళు వాదిస్తూనే ఉన్నారు. మరుసటి రోజు అసలు కష్టం వచ్చింది, పేర్లు. ఊరేగింపులో వెనక నిలబడినా, మధ్యలో నిలబడినా, పేరున్న ప్రతివాడికీ పరివట్టం కడతారన్నాను. మనిషికి, ఊరికి, ఏటికి, సోమవారానికి.

"కుక్కకి?"

"పేరు పెట్టినారా?"

"పెట్టినాము."

"అయితే కడతారు."

"మా ఇంట్లో పాపకి ఇంకా పేరు పెట్టలే."

"పెట్టినాక రమ్మను. అంతవరకు పాప అని చిన్నక్షరమే."

"మిస్," అన్నాడు వెనక సీటు పిల్లవాడు, "దొంగకి?"

"దొంగా అని ఊరికే రాస్తే చిన్నక్షరం. వాడి పేరు రాస్తే పరివట్టమే. పేరున్న ప్రతివాళ్ళకీ మర్యాద చేయవల్ల. అది ఆ ఊరి కట్టుబాటు."

"అన్యాయం మిస్!" అని వ్యానంతా గోల చేసింది. కానీ ఆ సాయంత్రానికి ప్రతి పిల్లా తన పేరును పెద్దక్షరంతో రాసుకుంది. పొగరుకు భయపడకుండా రాసుకుంది, ఎందుకంటే అది కట్టుబాటు గదా. దుమ్ముపట్టిన ఆ అద్దాల మీద అన్ని పేర్లు పరివట్టాలు కట్టుకుని స్కూలు గేటులోకి పోతుంటే, మెట్ల మీద నిలబడి మా బావ వ్యాను కడగలేదని డ్రైవరన్నను తిట్టాడు.

మిగిలింది ఒకే ఒక అక్షరం. ఇంగ్లీషులో 'నేను' అనడానికి ఒక్క అక్షరమే, ఐ. వాక్యం మొదట్లో ఉన్నా, నడుమన ఉన్నా, చివర ఉన్నా ఎప్పుడూ పెద్దదే. 'మీరు' మాత్రం చిన్నది. తమ పేరు రాసుకోవడానికే సిగ్గుపడ్డ పిల్లలు 'నేను' అని పెద్దగా రాసి, 'మీరు' అని నన్ను చిన్నగా రాయడానికి ససేమిరా ఒప్పుకోలేదు. చాలా ఆలోచించాను. కాలరు లోపల చేతిరుమాలు నా కళ్ళ ముందు మెదిలింది.

రాత్రిదాకా ఆగలేక మధ్యాహ్నమే అక్క దగ్గరికి పరుగెత్తాను. "బావ గురించి ఊర్లో తెలీనిది ఏదన్నా ఉంటే చెప్పక్కా. నువ్వు జతచేస్తానంటివి గదా."

అక్క చుట్టూ చూసి, కారు డిక్కీ తెరిచి చూపించింది. లోపల శాలువలు. కొత్తవి, మడత విప్పనివి, ఒకదాని మీద ఒకటి.

"ఎవరన్నా ఫంక్షన్‌కి పిలిస్తే ఒకటి ముందుగానే వాళ్ళ చేతికిచ్చి, నాకు ఇది కప్పండి అంటాడు. కప్పించుకుని, ఇంటికొచ్చి, మడతపెట్టి మళ్ళా డిక్కీలోనే పెడతాడు. ఉతికేది నేను."

నా కథలన్నీ చేతులెత్తి ఆ డిక్కీకి దండం పెట్టాయి. ఇంత పెద్ద అబద్ధం నాకే ఎప్పుడూ తోచలేదు.

మరుసటి రోజు గేటు దగ్గర ఐ కథ చెప్పాను. "వాడొకడుండాడు ఆ ఊర్లో. సన్నగా నిట్టనిలువుగా ఉంటాడు. ఎవరూ పిలవకపోయినా వస్తాడు. పూజారి పరివట్టం పట్టుకోని, తల వంచు నాయనా కడతాను అంటాడు. వీడు తల వంచడు. వంచితే పొడుగు తగ్గిపోతానని భయం. అందుకని తన పరివట్టం తానే సంచిలో పెట్టుకోని తిరగతా ఉంటాడు. పెండ్లిలో ముందర నిలబడినా కట్టుకుంటాడు, చావింట్లో వెనక నిలబడినా కట్టుకుంటాడు. వాక్యంలో యాడ నిలబెట్టినా వాడు పెద్దక్షరమే."

"సిగ్గు లేదా మిస్ వానికి?"

"లేదు గదా. కాలర్లో కర్చీఫ్ పెట్టుకోని, ఐ యామ్ టెల్లింగ్, ఐ యామ్ టెల్లింగ్ అంటా ఉంటాడు."

పళ్ళూడిన పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. డ్రైవరన్న గేటు తెరిచినా బండి తీయలేదు, వెనకున్న బస్సువాడు హారను కొట్టి కొట్టి అలిసిపోయాడు. ఆ రోజునుంచి మా వ్యాను పిల్లల్లో ఒక్కరు కూడా 'నేను' చిన్నగా రాయలేదు. అది తమ గొప్ప కాదు, వాడి సిగ్గులేనితనం అని తెలిశాక ఎవరికి బెరుకు?

మెడ్రాసు మిస్ మంచి పిల్లే, ఆ సంగతి ఒప్పుకోవడానికి నాకు చాలాకాలం పట్టింది. ఒకరోజు పొద్దున బస్టాపులో మా వ్యాను ఆపి ఎక్కింది. "మిస్, వ్యాన్ పిల్లలు మాత్రం కరెక్టుగా రాస్తున్నారు. మిగతావాళ్ళకు ఎన్నిసార్లు చెప్పినా రావడం లేదు. మీరు ఏం చెప్పారు?" అంది తమిళంలో. నేను కిటికీవైపు తిరిగాను. నా కుర్చీలో కూర్చున్న మనిషికి నా కథ ఎందుకివ్వాలి? పిల్లలు ఊరుకుంటేగా. గేటు పడగానే కథంతా ఒకరి మీద ఒకరు పడి చెప్పేశారు. ఆమె కడుపు పట్టుకుని నవ్వి, "యాన్యువల్ డేకి దీన్ని నాటకం వేద్దామా? ఈ పొడుగు మనిషి భలే ఉన్నాడు. ఎవరిని చూసి రాశారు?" అంది.

అంతవరకు కిటికీవైపే ఉన్న నా మొహం దానంతటదే ఇటు తిరిగింది. యాన్యువల్ డే అంటే అదే తల్లిదండ్రులు, అదే ముందువరస, అదే బావ.

"ఎవరూ లేరు, ఊహే," అన్నాను. "నాటకం నేను నేర్పిస్తాను. మీరు మైకు సంగతి చూడండి."

తిరుత్తణిలో ఒక కల్యాణ మండపం మాట్లాడారు. మధ్యాహ్నం ఫంక్షను. ముందువరసలో మా బావ, ఆయన పక్కన ఎవరో ఆఫీసరు, ఆ పక్కన అక్క. నేను స్టేజీ పక్కన పిల్లల చెప్పులకు కాపలా. కాట్టుపల్లి ఆయన మూడో వరసలో సెల్‌ఫోను ఎత్తిపట్టుకుని ఉన్నాడు.

పిల్లలు మెడలో అట్టముక్కల మీద అక్షరాలు వేలాడేసుకుని ఊరేగింపుగా వచ్చారు. వెనక సీటు పిల్లవాడు పూజారి. ముందున్న అక్షరానికి గుడ్డ కట్టాడు, పేరున్నవాళ్ళకు కట్టాడు. చప్పట్లు. అప్పుడు వచ్చింది ఐ. పళ్ళూడిన పిల్ల. కాటుకతో మీసం, కాలర్లో చేతిరుమాలు, చంకలో సంచి.

"తల వంచు నాయనా," అన్నాడు పూజారి.

"ఐ యామ్ టెల్లింగ్!" అంది ఆ పిల్ల, పళ్ళ సందులోంచి గాలి తోసుకొస్తుంటే. "నేను వంచను. నా గుడ్డ నా దగ్గరే ఉండాది!" సంచిలోంచి శాలువ తీసింది. మడత విప్పని కొత్త శాలువ. అక్క ఇచ్చింది.

ఎక్కడో వెనకవరసలో ఒకావిడ పకపకా మొదలుపెట్టింది, అది వరసలు దూకుతూ ముందుకు వచ్చింది. నేను మా బావ మొహమే చూస్తున్నాను. ఆ మొహం నల్లబడాలి, చెమట పట్టాలి, ఆయన లేచి కుర్చీల మధ్యనుంచి తల దించుకుని బయటికి నడవాలి. నేను నడిచినట్టే.

ఆయన లేచాడు. నడిచాడు. అయితే బయటికి కాదు, స్టేజీ మీదికి. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. సంతోషంతో.

"ఐ యామ్ టెల్లింగ్," అన్నాడు మైకులో. మండపం కూలిపోయేంత నవ్వు. దాన్ని ఆయన చప్పట్ల కింద జమ వేసుకున్నాడు. "ఈ ఐ ఎవరని తెలుసునా మీకు? నేనే! ముందరున్నా, నడుమనున్నా, యాడున్నా పెద్దదే! నా స్కూలు పిల్లోళ్ళు నన్ను ఇట్లా పెట్టుకోనుండారంటే..." పళ్ళూడిన పిల్ల ముందు నిలబడి, "కట్టమ్మా. నీ చేతుల్తోనే నాకు కట్టు," అన్నాడు.

నెలల తరబడి నూరిన కత్తిని ఈయన దండ అనుకుని మెడలో వేసుకుంటున్నాడు.

ఆ పిల్ల శాలువ ఎత్తింది. అందలేదు.

"సార్," అంది మైకు పక్కనే, "తల వంచండి."

మా బావ వంచాడు.

"అందలేదు సార్. ఇంకా."

ఇంకా వంచాడు. ఆఖరికి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. రంగు వేసి ఒక చెవి దగ్గర్నుంచి రెండో చెవిదాకా దువ్వి కప్పిన జుట్టు ముందుకు జారిపడింది. దాని కింద దాచుకున్న బట్టతల ఫోకసు లైటు కింద తళతళలాడింది. ఆ పిల్ల తీరిగ్గా ఒక చుట్టు చుట్టి, బాగలేదని విప్పి, మళ్ళీ చుట్టింది. ఎవరెవరు ఆ రోజు నన్ను చూసి నవ్వారో వాళ్ళందరూ ఇప్పుడు ఆయన్ను చూసి నవ్వుతున్నారు. కాట్టుపల్లి ఆయన ఫోను చెయ్యి ఊగిపోతోంది. నేను చెప్పుల మధ్య కూర్చుని ఆ వంగిన తలను కళ్ళార్పకుండా చూశాను. ఆయనకు తెలియకపోతేనేం? నాకు తెలుసు. తెలియకుండా వంగిన తల కూడా వంగిన తలే.

మెడ్రాసు మిస్ మైకు తీసుకుని, కథ నాదని చెప్పింది. బావ తలగుడ్డ సర్దుకుంటూ నన్ను పైకి పిలిచాడు. "నా మరదలు! ఈమె టాలెంట్ నేనే కనిపెట్టినాను. ఐ యామ్ టెల్లింగ్, రేపట్నించి ఒకటో క్లాసు మళ్ళా ఈమెదే. కొత్త మిస్ రెండో క్లాసుకి పోతాది."

నా కథకు కూడా ఆయనే మొదటి మర్యాద కొట్టేశాడు. అక్కడితో ఊరుకుంటే నేను నేను కాదు.

"బావా," అన్నాను మైకులోనే, ఎంత వినయంగానో. "ఈ ఐ బొమ్మని స్కూలు గోడ మీద పెద్దగా వేయించండి. మీ మీసం, మీ కర్చీఫ్, పరివట్టం అన్నీ పెట్టి. కొత్త పిల్లోళ్ళు వచ్చినప్పుడంతా కథ తెలియవల్ల గదా."

"వేయించేద్దాం!" అన్నాడు బావ. ముందువరసలో అక్క కొంగు నోట్లో కుక్కుకుంది.

పెయింటరు వచ్చి నిలువెత్తు ఐ వేసి పోయాడు. ఇప్పుడు ప్రతి జూన్లో కొత్తగా చేరిన పిల్లలు గోడ చూసి, ఎవరిది అని అడుగుతారు. పెద్ద పిల్లలు కథ చెబుతారు. నేను నోరు తెరవనక్కర్లేదు. ఆయన రోజూ పొద్దున దాని కిందే నిలబడతాడు. లోపలికి పోయే పిల్లలు నవ్వు దాచుకోవడానికి తల దించుకుంటారు. భక్తి అనుకుని ఆయన చెయ్యెత్తి దీవిస్తాడు.

ఆ ఫంక్షను నాటికి, అక్క జతచేస్తానన్నది ఇంకా మిగిలే ఉందని నాకు తెలియదు. యాన్యువల్ డే బాగా జరిగితే ఆయన తలనీలాలు ఇప్పిస్తానని మురుగన్‌కి మొక్కుకుందట. దేవుడి మొక్కు గనుక ఆయన కిక్కురుమనలేదు. తిరుత్తణి కొండ మీద మంగలి, "తల వంచండి సార్," అన్నప్పుడు అక్కా నేనూ ఒకరి చెయ్యి ఒకరం గట్టిగా పట్టుకున్నాం. చెవి నుంచి చెవిదాకా కాపాడుకున్న ఆ రంగు జుట్టంతా చేరెడు కూడా రాలేదు.

ఆ తర్వాతి సోమవారం ఆయన నున్నని గుండుకు చందనం పూసుకుని నా ఒకటో క్లాసుకు వచ్చాడు. పళ్ళూడిన పిల్లకు అప్పటికి ఒక పన్ను సగం మొలిచింది. ఆ సగం పన్నుతో చెయ్యెత్తింది.

"మిస్, సార్‌కి జుట్టు పోయింది గదా. ఇప్పుడు చిన్నక్షరమా?"

"లేదమ్మా," అన్నాను. "సార్‌కి పేరుంది గదా. పేరున్న ప్రతివాళ్ళకీ మర్యాద చేయవల్లని చెప్పలేదా నేను?"

"ఆమా మిస్," అంది బుద్ధిగా తలూపుతూ. "దొంగకి గూడా."

"ఐ యామ్ టెల్లింగ్," అన్నాడు మా బావ ఆ పిల్ల తల నిమురుతూ, "భలే షార్ప్ గర్ల్."